పోయిన యూదు పెద్దాయన జ్ఞాపకార్థం: మీ ప్రశ్నలు, మా జవాబులు

పోయిన సంచికలో జాగా చాలక ఆపిన ముమ్మిడివరం ఉత్తరంతో మొదలుపెడుతున్నాం. మిగతా ప్రశ్నలు కూడా ఆ విషయానికి దగ్గరవే కాబట్టి ఈసారి శీర్షిక మొత్తం దానికే ఇచ్చాం.

ప్రశ్న (ముమ్మిడివరం పాఠకురాలు): మా అబ్బాయి న్యూజెర్సీలో అద్దెకున్న ఇంటి యజమాని యూదు పెద్దాయనండి. కరోనా రోజుల్లో మావాడు మంచాన పడితే రోజూ గుమ్మంలో సూపు పెట్టి వెళ్లేవారట. శుక్రవారం రాత్రి భోజనానికి చాలాసార్లు పిలిచారు. భార్య, ముగ్గురు పిల్లలు, మనవలు ఉన్నారు. ముసలివాళ్లను ఆసుపత్రికి కారులో తీసుకెళ్లడం, చనిపోయినవాళ్లకు స్నానం చేయించే సంఘంలో పనిచేయడం ఆయనకు అలవాటు. ఇప్పుడు ఆయన పోయారు. ముప్ఫయ్యో రోజుకి చిన్న పుస్తకం వేస్తున్నారట, మమ్మల్నీ ఒక పేజీ రాయమన్నారు. ఏం రాయాలి, ఎలా రాయాలి?

జవాబు: ముందు గడువు చూసుకోండమ్మా. ఖననం జరిగిన రోజును ఒకటిగా లెక్కపెడితే ముప్ఫయ్యో రోజుతో వాళ్ల రెండో విడత సంతాప కాలం, షెలోషీం, పూర్తవుతుంది. పుస్తకం అచ్చుకు వెళ్లాలంటే ఇరవయ్యో రోజు లోపే మీ పేజీ వాళ్ల చేతిలో ఉండాలి.

పోయినవారి గురించి మాట్లాడటానికి యూదుల్లో ఒక కట్టుబాటు ఉంది. ఉన్న మంచిని చెప్పాలి, ఒక పిసరు పెంచినా ఫర్వాలేదు, లేని గుణాన్ని మాత్రం అంటగట్టకూడదు. పదహారో శతాబ్దపు వాళ్ల ధర్మశాస్త్రం షుల్హాన్ ఆరుఖ్‌లోనే ఈ మాట ఉంది. మన సంతాప సభల్లో వినిపించే ‘అజాతశత్రువు, పరోపకారి, మృదుభాషి’ వరస అందుకే ఇక్కడ వద్దు. ఆ మాటలు ఎవరి పేరు కింద పెట్టినా అతుకుతాయి, అందువల్ల ఎవరినీ గుర్తుకు తేవు.

మీ అబ్బాయిని ఫోనులో ఒక అరగంట కూర్చోబెట్టి చిన్న చిన్న విషయాలు అడగండి. సూపు ఎందులో తెచ్చేవారు, ఎన్ని గంటలకు తెచ్చేవారు? పెట్టేసి వెళ్లిపోయేవారా, తలుపు తీసేదాకా మెట్ల కింద నిలబడేవారా? ఏం మాట్లాడేవారు? ఆసుపత్రికి ఎవరిని, వారంలో ఏ రోజు తీసుకెళ్లేవారు? మీవాడు ఎప్పుడైనా ఆ కారులో వెనక కూర్చున్నాడా? వచ్చిన జవాబుల్లో రెండు మూడు చాలు. ‘ఎంతో దయ చూపారు’ అనే బదులు ఆయన ఏం చేశారో, ఎప్పుడు చేశారో రాస్తే ఆ దయ చదివేవాళ్లకే కనిపిస్తుంది.

శుక్రవారం భోజనాల గురించి తప్పకుండా రాయండి. కుటుంబమంటే ప్రాణం పెట్టే మనిషి ఎలా ఉంటాడో అక్కడ కనిపించినంతగా ఇంకెక్కడా కనిపించదు. సూర్యాస్తమయానికి 18 నిమిషాల ముందు ఇంటి ఇల్లాలు దీపాలు వెలిగిస్తుంది. బల్ల మీద రెండు జడ రొట్టెలు గుడ్డ కప్పి ఉంటాయి. తండ్రి పిల్లల తలల మీద ఒక్కొక్కరికీ చేతులుంచి దీవిస్తాడు. మగపిల్లలకైతే బైబిల్లోని ఎఫ్రాయిము, మనష్షేల్లా కావాలని, ఆడపిల్లలకైతే శారా, రిబ్కా, రాహేలు, లేయాల్లా కావాలని. తర్వాత భార్యను మెచ్చుకుంటూ సామెతల గ్రంథం 31వ అధ్యాయంలోని పద్యాలు పాడతాడు. ఆ పెద్దాయన ఇంట్లో ఇవన్నీ జరిగేవో లేదో మీ అబ్బాయికే తెలియాలి, అందరిళ్లలోనూ ఒకేలా ఉండదు. పెళ్లిళ్లయిన పిల్లల తలల మీద కూడా ఆయన చేతులుంచేవారా? బయటివాడైన మీవాణ్ని ఎక్కడ కూర్చోబెట్టేవారు? ఆ బల్ల దగ్గర ఆయన మనవలు చూసింది ఒకటి, మీవాడు చూసింది ఇంకొకటి. మీవాడు చూసింది వాళ్లకు ఇంకెవరూ చెప్పలేరు.

పేజీకి తెలుగులో 200 నుంచి 250 మాటలు సరిపోతాయి. తెలుగులోనే రాసి, ఇంగ్లీషు పని అబ్బాయికి అప్పజెప్పండి. మీ చేతిరాత కాగితాన్ని కూడా పక్కన అచ్చు వేయమనండి, వాళ్లకు అది దాచుకునే వస్తువవుతుంది. ఎక్కువగా తప్పులు దొర్లేది ఆ ఇంగ్లీషు చేసేటప్పుడే. ‘శివైక్యం’, ‘వైకుంఠప్రాప్తి’, ‘పుణ్యలోకాలు’ అలాగే దిగిపోతాయి. వాటి చోట యూదులు అనుకునే ‘ఆయన స్మృతి దీవెన అగుగాక’ అన్న ఒక్క వాక్యం ఉంచండి. పేర్ల స్పెల్లింగు ఆయన పిల్లల దగ్గర సరిచూసుకోండి. ప్రార్థనల్లో వాడే హీబ్రూ పేరు వేరే ఉంటుంది, ‘ఫలానావారి కుమారుడు ఫలానా’ అని తండ్రి పేరుతో కలిపి చెబుతారు. అది కూడా అడిగి రాసుకోండి, తర్వాత అవసరమవుతుంది.

ఫొటోకు దండ, బొట్టు పెట్టి పంపకండి. కాగితం మీద, కవరు మీద స్వస్తిక్ గుర్తు లేకుండా చూసుకోండి. మనకు అది శుభచిహ్నమే. కానీ దాన్ని పోలిన గుర్తును జెండా మీద వేసుకున్న నాజీలు అరవై లక్షల మంది యూదులను చంపారు. ఆ గుర్తున్న కవరు దుఃఖంలో ఉన్న ఇంటికి చేరకూడదు. మన స్వీటు డబ్బాల మీదా, చదివింపుల కవర్ల మీదా అది మూలగా చిన్నగా ఉంటుంది, చూసుకోం.

ప్రశ్న (రాజోలు పాఠకుడు): చనిపోయినవాళ్లకు స్నానం చేయించే సంఘం అంటే ఏమిటి? అక్కడ కులం లాంటిది ఏమైనా ఉందా? దాని గురించి స్మృతి వ్యాసంలో రాయవచ్చా?

జవాబు: దాని పేరు హెవ్రా కదీషా. కులవృత్తి కాదు, సంపాదనా కాదు. డాక్టరు, బడిపంతులు, కొట్టు నడిపేవాడు, ఎవరైనా ఫోను వస్తే పని ఆపుకుని వెళ్తారు. మగవాళ్లకు మగవాళ్లు, ఆడవాళ్లకు ఆడవాళ్లు, మామూలుగా నలుగురైదుగురు కలిసి చేస్తారు. యూదుల లెక్కలో అన్నిటికన్నా కల్తీ లేని ఉపకారం ఇదే, ఎందుకంటే పోయిన మనిషి తిరిగి ఏమీ ఇవ్వలేడు.

పని జరిగే తీరు ఇది. దేహం మీద దుప్పటి ఎప్పుడూ తీసేయరు, కడిగే భాగం వరకే తొలగించి మళ్లీ కప్పుతారు. గోరువెచ్చని నీళ్లతో ముందు తల, తర్వాత కుడి వైపు, ఆ తర్వాత ఎడమ వైపు కడుగుతారు. గోళ్ల కింద మురికిని సన్నని పుల్లతో తీస్తారు. బోర్లా పడుకోబెట్టరు. దేహం మీదుగా చెయ్యి చాచి వస్తువు అందించుకోరు, చుట్టూ తిరిగి వెళ్లి ఇస్తారు. అనవసరమైన మాట ఒక్కటీ ఉండదు. ఆ తర్వాత అసలు తహరా, అంటే శుద్ధి స్నానం. సుమారు 23 లీటర్ల నీళ్లను మూడు పాత్రల్లో పట్టి, తల మీదనుంచి ధార తెగకుండా పోస్తారు. మొదటి పాత్ర ఖాళీ కాకముందే రెండోవారు పోయడం మొదలుపెట్టాలి. మధ్యలో ధార తెగితే మళ్లీ మొదటినుంచి చేయాల్సిందే. అందుకే కొత్తగా చేరినవాళ్లకు ముందు పాత్ర పట్టుకోవడమే నేర్పుతారు.

తుడిచాక తెల్లని నూలు లేక నార బట్టలు తొడుగుతారు. వాటికి జేబులుండవు. గట్టి ముడులు వేయరు, లాగితే ఊడే ఉచ్చులే వేస్తారు. కోటీశ్వరుడికైనా కూలివాడికైనా అవే బట్టలు. మగవాళ్లకు ప్రార్థనలో వాడే శాలువా కప్పి, దాని కుచ్చుల్లో ఒకటి కత్తిరిస్తారు. చివర్లో పోయిన మనిషిని పేరు పెట్టి పిలిచి, మావల్ల మీ గౌరవానికి ఏదైనా లోటు జరిగి ఉంటే క్షమించండని అందరూ అడుగుతారు.

రాయవచ్చా అంటే, ముందు కుటుంబాన్ని అడగండి. ఈ సేవను పైకి చెప్పుకోకపోవడం సంప్రదాయం. చాలామంది తాము ఎవరికి స్నానం చేయించారో సొంత ఇంట్లో కూడా చెప్పరు. వాళ్లు సరేనంటే ‘హెవ్రా కదీషాలో సేవ చేశారు’ అన్న ఒక్క వాక్యం చాలు. ఎవరికి చేశారు, ఏ పరిస్థితిలో చేశారు అన్నవి ఎట్టి పరిస్థితిలోనూ రాయకూడదు, అది అవతలి కుటుంబం గుట్టు.

ప్రశ్న (భీమవరం పాఠకుడు): మా చెరువుల పనిమీద పరిచయమైన ఇజ్రాయెల్ నిపుణుడొకరు పోయారు. ఆయన భార్యకి మా ఇంటి రొయ్యల పచ్చడి, ఆత్రేయపురం పూతరేకులు పంపుదామనుకుంటున్నాం. పంపవచ్చా?

జవాబు: రొయ్యల పచ్చడి వద్దండి. యూదుల ఆహార నియమం కోషర్ ప్రకారం నీటి జీవాల్లో రెక్కలు, పొలుసులు రెండూ ఉన్న చేపలే తినాలి. రొయ్య, పీత పనికిరావు. పొలుసులేని వాలుగ కూడా పనికిరాదు. మన పులసకు రెండూ ఉన్నాయి కాబట్టి జాతిగా అది తినదగినదే, కానీ మన కత్తితో కోసి మన దాకలో వండితే ఆ పులుసు నియమం పాటించేవాళ్లకు పనికిరాదు.

పూతరేకుల్లో మాంసం లేదు కదా అనిపిస్తుంది. అయినా చిక్కుంది. నెయ్యి పాల వస్తువు కాబట్టి మాంసం తిన్న పూట తినరు. పైగా రేకు తీసిన కుండ, నెయ్యి కాచిన గిన్నె కోషర్ వంటింటివి కావు. ఇజ్రాయెల్‌లో ఉన్న యూదులంతా కోషర్ పాటించరన్నది కూడా నిజమే. అందుకని ముందు తెలుసుకోండి, కానీ ఆవిడను అడగకండి, వాళ్ల స్నేహితులనో సహోద్యోగులనో అడగండి. తేలకపోతే, అక్కడున్న మీవాళ్ల చేత కోయని పళ్లు పంపించండి. అరటి, నారింజ, ద్రాక్ష, దేనికీ మామూలుగా అభ్యంతరం ఉండదు. ముక్కలు కోసి పళ్లెంలో సర్దినవి మాత్రం వద్దు, కత్తి మాట వస్తుంది. కోషర్ ముద్ర ఉన్న అంగడి సరుకు విప్పకుండా ఇచ్చినా మంచిదే. పూలు పంపకండి, సంతాపానికి పూలు పంపడం వాళ్ల ఆచారం కాదు.

ఖననం నుంచి వచ్చాక మొదటి భోజనం ఇంటివాళ్లు వండుకోకూడదు, ఇరుగుపొరుగు తేవాలి. పొయ్యి వెలిగించని ఇంటికి క్యారేజీలు మోసే మన పల్లెలకు ఇది కొత్త సంగతేమీ కాదు. ఉడికించిన గుడ్లు, గుండ్రటి రొట్టె, మసూర్ పప్పు ఆ భోజనంలో ఉంటాయి. పప్పు గింజకు నోరు లేదు, దుఃఖంలో ఉన్నవాడికీ నోట మాట రాదు, అందుకే పప్పు అని వాళ్లు చెప్పుకుంటారు.

ప్రశ్న (పాలకొల్లు పాఠకురాలు): మా అమ్మాయి ఆఫీసులో పెద్దాయన ఇంటికి పలకరింపుకి వెళ్లాలి. మేం ఇక్కడినుంచి వీడియో కాల్ కూడా చేద్దామనుకుంటున్నాం.

జవాబు: పలకరించే వారాన్ని షివా అంటారు. ఖననం రోజుతో కలిపి ఏడు రోజులు. మంగళవారం ఖననమైతే సోమవారం ఉదయంతో అయిపోతుంది, సోమవారం సాయంత్రం వెళ్తే ఆలస్యమైనట్టే. మధ్యలో వాళ్ల పెద్ద పండగ వస్తే మిగిలిన రోజులు రద్దవుతాయి. కాబట్టి ఏ రోజు, ఏ వేళ రమ్మన్నారో కబురులో చూసుకుని వెళ్లమనండి.

తలుపు దగ్గరగా వేసి ఉంటుంది, బెల్లు కొట్టక్కర్లేదు. కొడుకులు, కూతుళ్లు, భార్య, తోబుట్టువులు ఎత్తు తక్కువ పీటల మీద కూర్చుంటారు. అద్దాలకు గుడ్డలు కప్పి ఉంటాయి. చొక్కానో రిబ్బనో చిరిగి కనిపిస్తుంది, అది ఖననం వేళ చింపుకున్నది, తల్లిదండ్రుల కోసమైతే ఎడమ వైపు గుండె మీద. వెళ్లినవాళ్లు ముందుగా మాట కలపకూడదు. వాళ్లు నోరు విప్పేదాకా పక్కన కూర్చోవాలి. ‘ఎలా పోయారు, ఆఖరున ఏమన్నారు’ అని ఆరా తీయకూడదు. పెద్దాయనతో మీ అమ్మాయికి ఉన్న ఒక జ్ఞాపకం చెబితే అంతకన్నా ఓదార్పు లేదు. ఇరవై నిమిషాలు, మహా అయితే అరగంట. మన వైపు చావింట్లో ‘వెళ్లొస్తాం’ అనం కదా, వాళ్లూ రాకపోకల పలకరింపులు చెప్పుకోరు. మగవాళ్లు తల మీద కిప్పా అనే చిన్న టోపీ పెట్టుకోవాలి, గుమ్మం దగ్గర బుట్టలో ఉంటాయి. ఆడవాళ్లు చీరలో వెళ్లడం నిక్షేపంగా బాగుంటుంది.

వీడియో కాల్ చేసేముందు వాళ్ల పిల్లల్లో ఒకరికి మెసేజీ పెట్టి అడగండి. ‘ఆఖరి చూపు’ చూపించమని మాత్రం అడగవద్దు. దేహాన్ని కడిగి బట్ట కప్పాక ప్రదర్శనకు పెట్టరు, ఫొటోలు తీయరు. వాళ్ల వారపు విశ్రాంతి దినం షబ్బాత్ పాటించే ఇంటికి శుక్రవారం సూర్యాస్తమయం నుంచి శనివారం చీకటి పడేదాకా ఫోను చేయకూడదు. న్యూజెర్సీ వేళను మన గడియారానికి మారిస్తే, చలికాలం వేసవి రెండూ కలుపుకుని, శనివారం తెల్లవారుజాము రెండున్నర నుంచి ఆదివారం ఉదయం ఏడు దాకా ఆగితే ఇబ్బంది లేదు. మిగతా రోజుల్లో మనకు రాత్రి తొమ్మిది మంచి సమయం, అక్కడ ఉదయం ప్రార్థన అయిపోయి ఉంటుంది.

ప్రశ్న (తణుకు పాఠకుడు): యూదులకూ తిథి ప్రకారమే తద్దినం ఉంటుందట. ఇంగ్లీషు తేదీ తెలిస్తే మేం లెక్కకట్టుకోవచ్చా?

జవాబు: కట్టుకోవచ్చు. వాళ్ల సాంవత్సరికాన్ని యార్‌ట్సైట్ అంటారు. వాళ్ల పంచాంగం మనలాగే చాంద్రమాసాల మీద నడుస్తూ సూర్యుడితో సర్దుకుంటుంది, 19 ఏళ్లలో 7 అధిక మాసాలు. ఒక్క తేడా ఏమిటంటే మనకు అధిక మాసం ఒక్కోసారి ఒక్కో నెలకు వస్తుంది (2026లో అధిక జ్యేష్ఠం వచ్చినట్టు), వాళ్లకు ఎప్పుడూ అదార్ నెలే రెండుసార్లు వస్తుంది.

తప్పు ఎక్కువగా జరిగేది పొద్దుగూకే వేళ దగ్గర. వాళ్ల రోజు సూర్యాస్తమయంతో మొదలవుతుంది. 2024 డిసెంబరు 11న న్యూజెర్సీలో ఒకరు మధ్యాహ్నం పోయారనుకోండి, ఆ తిథి కిస్లేవ్ నెల 10. అదే తేదీన సాయంత్రం ఆరింటికి పోయి ఉంటే, డిసెంబరులో అక్కడ నాలుగున్నరకే పొద్దు గూకుతుంది కాబట్టి కిస్లేవ్ 11. ఇంకో పొరపాటు మన గడియారం చూసి లెక్క కట్టడం. అక్కడ మధ్యాహ్నం మూడంటే ఇక్కడ అర్ధరాత్రి దాటి తేదీ మారిపోతుంది. పోయిన చోటి తేదీ, వేళ రెండూ రాసుకుని అప్పుడు లెక్కకు కూర్చోండి.

ఆ కిస్లేవ్ 10 తర్వాతి ఏడాది 2025 నవంబరు 30న వచ్చింది, అంటే దీపం నవంబరు 29 సాయంత్రం వెలిగించాలి. 2026లో నవంబరు 20. ఆ యూదు సంవత్సరం 5787లో అధిక మాసం ఉంది కాబట్టి 2027లో ఒక్కసారిగా డిసెంబరు 10కి జరుగుతుంది. అదార్ నెలలో పోయినవారిది ఇంకాస్త చిక్కు. మామూలు ఏడాది అదార్‌లో పోయి, తర్వాతి ఏడాది రెండు అదార్లొస్తే, ఐరోపా మూలాలున్న అష్కెనాజీలు సాధారణంగా మొదటి దాంట్లో చేస్తారు, కొందరు రెండింటిలోనూ చేస్తారు. స్పెయిన్, ఉత్తరాఫ్రికా వైపు మూలాలున్న సెఫార్దీలు రెండో దాంట్లో చేస్తారు. ఇక్కడ మన ఊహ పనికిరాదు, వాళ్ల ఇంటి పద్ధతి అడగాలి.

తల్లిదండ్రుల కోసం పిల్లలు రోజూ చదివే కద్దిష్ అనే ప్రార్థన 11 నెలలే సాగుతుంది. పాపాత్ములకు తీర్పు 12 నెలల దాకా ఉంటుందన్న నమ్మకం ఉంది. పూర్తి ఏడాది చదివితే తమ తండ్రిని ఆ కోవలో చేర్చినట్టవుతుందని ఒక నెల ముందే ఆపుతారు. ఆ ప్రార్థనకు కనీసం పదిమంది కావాలి. పొద్దున్నే పదోవాడు రాక తొమ్మిదిమంది ఎదురుచూస్తుంటే లేచి వెళ్లే మనిషికి ఆ సమాజంలో ఉండే విలువ ఇంతా అంతా కాదు. మీకు తెలిసిన పెద్దాయన అలా వెళ్లేవారైతే స్మృతి పేజీలో అది రాయదగిన సంగతి.

ప్రశ్న (సఖినేటిపల్లి పాఠకురాలు): ఆ రోజు మేం కూడా ఇంట్లో దీపం పెట్టవచ్చా? 24 గంటలు ఆరకుండా ఎలా?

జవాబు: పెట్టవచ్చు. దేవుడి గూట్లో కాకుండా విడిగా బల్ల మీద పెట్టండి. మీ ఊరి సూర్యాస్తమయానికి వెలిగించి మర్నాడు చీకటి పడేదాకా ఉంచండి.

వెడల్పాటి ప్రమిదైతే నూనె త్వరగా వేడెక్కి, గాలి తగిలి, ఒత్తి చివర బొగ్గు కట్టి ఆరిపోతుంది. మందపాటి గాజు గ్లాసు మేలు. అడుగున రెండు వేళ్ల మేర నీళ్లు పోసి పైన నువ్వుల నూనె పోయండి, రేకు బిళ్లలో సన్నటి ఒత్తి గుచ్చి తేలనివ్వండి. నూనె అయిపోతే ఒత్తి నీటికి తగిలి దానంతట అదే ఆరుతుంది, గ్లాసు పగలదు. ఎంత నూనె కావాలో ముందు రోజే చూసుకోండి. గ్లాసుకు గీత పెట్టి రెండు గంటలు వెలిగించి, తగ్గిన నూనెను కొలిచి పన్నెండుతో హెచ్చవేసి, పావు వంతు కలపండి. ఒత్తి లావైతే ఆ లెక్క రెట్టింపవుతుంది. గ్లాసును ఇసుక పోసిన స్టీలు పళ్లెంలో నిలపండి. తాటాకు చూరు కింద, కిటికీ తెర పక్కన వద్దు. సముద్రపు గాలి కొట్టే ఇళ్లలో వాకిలి వైపు అసలు వద్దు. రాత్రి ఇంట్లో ఎవరూ ఉండకపోతే చిన్న విద్యుద్దీపం పెట్టండి, మంట పెట్టే వీలు లేనిచోట యూదులూ అలాగే చేస్తారు.

ప్రశ్న (కొవ్వూరు పాఠకుడు): 2027 పుష్కరాల్లో ఆయన పేర తర్పణం విడవవచ్చా? అస్థికలు తెప్పిస్తే గోదావరిలో కలపవచ్చా?

జవాబు: అస్థికల మాట ఎత్తకండి. యూదు సంప్రదాయం దహనాన్ని ఒప్పుకోదు, దేహాన్ని వీలైతే ఒకటి రెండు రోజుల్లోనే మట్టికి అప్పగిస్తారు. తర్పణం విషయానికొస్తే, మన విధిలో బంధువులకే కాదు, గురువుకూ సఖుడికీ చోటుంది. మీ మనసు అడిగితే చేసుకోవచ్చు. కానీ మరో దేవుడి ముందు తమ తండ్రి పేరు చెప్పడం ఆయన పిల్లలకు కష్టంగా తోచవచ్చు, వాళ్ల ధర్మంలో అది చాలా గట్టి నిషేధం. ఆ ఫొటోలు వాట్సాప్‌లో పంపవద్దన్నది మా గట్టి సలహా. ఆ రోజు ఘాటు దగ్గర పదిమందికి భోజనం పెట్టి, ఆ సంగతి చెప్పండి. దానధర్మం పోయినవారి పేర చేయడం రెండు వైపులా ఉన్నదే.

ప్రశ్న (యానాం పాఠకుడు): వచ్చే ఏడు అమెరికా వెళ్తున్నాం. సమాధి దగ్గర ఏం పెట్టాలి?

జవాబు: చిన్న రాయి. దండ, అగరొత్తులు, కొబ్బరికాయ వద్దు. ఎవరో వచ్చి తలుచుకున్నారనడానికి గుర్తుగా రాతి మీద ఒక గులకరాయి ఉంచుతారు. గోదావరి రాయే తీసుకెళ్లాలని ఉంటే డెల్టాలో దొరకదు, ఇక్కడంతా ఒండ్రు, ఇసుకే. పాపికొండల వైపు వెళ్లినప్పుడు ఏరుకుని బ్రష్‌తో రుద్ది కడిగి ఆరబెట్టండి. మట్టి అంటి ఉంటే అమెరికా విమానాశ్రయంలో తీసేసుకుంటారు, అక్కడికి మట్టి తేవడం నిషేధం. శనివారం, పండగ రోజుల్లో వెళ్లకండి. బయటికొచ్చేటప్పుడు గేటు దగ్గర చేతులు కడుక్కోవాలి.

ఫలకం మామూలుగా ఏడాది లోపు నిలుపుతారు. దాని మీద కొమ్ము చెంబు బొమ్మ ఉంటే పూర్వం ఆలయ సేవ చేసిన లేవీ వంశమనీ, దీవించే రెండు చేతులుంటే యాజక (పూజారి) వంశమనీ అర్థం. ఆ యాజక వంశపు మగవాళ్లు బాగా దగ్గరి బంధువుల అంత్యక్రియలకు తప్ప శ్మశానంలో అడుగుపెట్టరు. వాళ్లు గేటు బయటే నిలబడి ఉంటే నొచ్చుకోకండి.

ప్రశ్న (రావులపాలెం పాఠకుడు): ఆయన పేరు మీద మా ఊళ్లో ఏదైనా మంచిపని చేద్దామని ఉంది. ఆయన పిల్లలు కూడా డబ్బు పంపుతామంటున్నారు.

జవాబు: డబ్బు విషయం ముందు తేల్చుకోండి, ఇక్కడ పొరపాటు చేస్తే చట్టం దాకా వెళ్తుంది. విదేశీ పౌరులు ఇచ్చేది విదేశీ విరాళం. తీసుకునే సంస్థకు విదేశీ విరాళాల చట్టం ఎఫ్‌సీఆర్ఏ కింద రిజిస్ట్రేషనో ముందస్తు అనుమతో ఉండాలి, డబ్బు ముందుగా ఢిల్లీలోని ఎస్‌బీఐ ప్రధాన శాఖ ఖాతాలోనే పడాలి. అనుమతి ఉన్న వేరే సంస్థ తీసుకుని మీ ఊరి సంఘానికి మళ్లించడమూ కుదరదు, 2020 సవరణ దాన్ని ఆపేసింది. మీ పిల్లలు ఇంకా భారత పాస్‌పోర్టు మీదే ఉంటే తమ సొంత సంపాదన మామూలు బ్యాంకు దారిలో పంపవచ్చు. పౌరసత్వం మారి ఓసీఐ కార్డు తీసుకున్నవాళ్లు మాత్రం విదేశీయుల కిందే లెక్క. కాబట్టి పెద్దాయన పిల్లల్ని వాళ్ల ఊళ్లోనే ఆయన పేర ఇవ్వమనండి, ఇక్కడిది మీరు మీ డబ్బుతో చేయండి.

మనం 116, 1,116 చదివించినట్టు వాళ్లు 18, 36, 54 ఇస్తారు. హీబ్రూలో జీవం అన్న మాట అక్షరాల విలువ 18. పన్నెండో శతాబ్దపు పండితుడు మైమోనిదెస్ దానాలను ఎనిమిది మెట్లుగా పేర్చాడు. అన్నిటికన్నా పైమెట్టు, మనిషి మళ్లీ చెయ్యి చాచకుండా తన కాళ్ల మీద నిలబడేలా అప్పో, పనో, పొత్తో ఇవ్వడం. వడ్డీ లేని అప్పుల నిధి నడపని యూదు పేట అరుదు.

అదే మీ ఊళ్లో చేయవచ్చు. రూ. 36,000తో మొదలుపెట్టండి. ఒక్కొక్కరికీ రూ. 6,000 చొప్పున ఆరుగురికి. కుట్టుమిషను బాగుచేయించుకోవడానికో, లేసు అల్లిక దారం కొనుక్కోవడానికో, కొబ్బరి పీచు పనికో. నెలకు రూ. 500 కడితే పన్నెండు నెలల్లో తీరుతుంది. ఆరుగురివీ కలిపి నెలకు రూ. 3,000 తిరిగొస్తాయి కాబట్టి ప్రతి రెండు నెలలకూ కొత్తగా ఒకరికి ఇవ్వవచ్చు. డ్వాక్రా సంఘం ద్వారా నడిపితే ఖాతా, తీర్మానాల పుస్తకం సిద్ధంగా ఉంటాయి. ఇలాంటి నిధులు మునిగేది రెండు చోట్ల. మొదటి వాయిదా తప్పినప్పుడు మొహమాటపడి అడగకపోవడం ఒకటి. ఆరుగురినీ ఒకే వీధి నుంచి ఎంచుకోవడం రెండోది, తుఫానొస్తే అందరి వాయిదాలూ ఒకేసారి ఆగిపోతాయి. నవంబరులో అప్పు ఇస్తే మొదటి వాయిదా జనవరిలో పెట్టండి.

పుచ్చుకున్నవాళ్ల పేర్లు బోర్డు మీద రాయకండి, చెక్కు పట్టుకున్న ఫొటోలు తీయకండి. ఇచ్చేవాడికీ పుచ్చుకునేవాడికీ ఒకరికొకరు తెలియకపోవడమే ఆ ఎనిమిదింటిలో రెండో మెట్టు. పెద్దాయన పేరు లెక్కల పుస్తకం మొదటి పేజీలో, హీబ్రూ పేరుతో సహా రాసి ఉంచండి. ఏటా యార్‌ట్సైట్ నాటికి ఎంతమందికి అప్పు అందిందో, ఎంత తిరిగొచ్చిందో ఒక కాగితం మీద రాసి ఆయన భార్యకు పంపండి.